బాణం ఎక్కడ మొదలవుతుంది?

"పొద్దస్తమానం చదువుతూనే ఉంటుందండీ. ఫిజిక్సు వస్తోంది, బోటనీ వస్తోంది, ఒక్క ఆర్గానిక్ మాత్రం నిలవడం లేదు. ఎందుకంటారు?" బైపీసీ చదివే పిల్లలున్న ఇంట్లో ఈ ప్రశ్న వినపడకుండా ఏడాది గడవదు. ఆ అమ్మాయే రేపు ఎంబీబీఎస్‌లో చేరిందనుకోండి, ప్రశ్న కాస్త మారుతుంది: "అనాటమీ ఎంతున్నా చదివేస్తాను. బయోకెమిస్ట్రీలో ఆ సైకిళ్లు మాత్రం పొద్దున చదివితే సాయంత్రానికి పోతున్నాయి."

తెలివి చాలకో, శ్రద్ధ లేకో ఇలా అవుతుందనుకోవడం అన్యాయం. అంత శ్రద్ధగా చదివే పిల్లలకే ఈ బాధ ఎక్కువ. కారణాలు వేరే ఉన్నాయి. ఒకటి మన మెదడు పనిచేసే తీరులో ఉంది. రెండోది కార్బన్ అణువు నడిచే తీరులో ఉంది. రెండింటినీ కలిపి చూస్తే గానీ జవాబు దొరకదు.

చదివింది ఎక్కడికి పోతుంది?

మరుపుని మొదటిసారి కొలిచిన మనిషి హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్. 1885లో ఆయన జ్ఞాపకశక్తి మీద ఒక పుస్తకం వేశాడు. అందులోని ప్రయోగాలన్నీ తన మీద తాను చేసుకున్నవే. ఏ అర్థమూ లేని పొడి అక్షరాల జాబితాలు తయారు చేసుకుని, తప్పు లేకుండా అప్పజెప్పగలిగేదాకా వల్లె వేసేవాడు. కొంత వ్యవధి ఇచ్చి మళ్లీ అదే జాబితా నేర్చుకునేవాడు. రెండోసారి ఎంత శ్రమ తగ్గిందో లెక్క కడితే, లోపల ఎంత మిగిలిందో తెలుస్తుంది కదా. 20 నిమిషాల తరవాత మిగులు సుమారు 58 శాతం. ఒక రోజు తరవాత 34 శాతం. నెల తరవాత 21 శాతం. అంటే మరుపు నెమ్మదిగా, సమంగా సాగే వ్యవహారం కాదు. పోయేదాంట్లో పెద్ద భాగం మొదటి గంటల్లోనే పోతుంది. ఆ దెబ్బకి తట్టుకున్నది చాలాకాలం ఉంటుంది.

ఎబ్బింగ్‌హౌస్ కావాలనే అర్థం లేని అక్షరాలు ఎంచుకున్నాడని ఇక్కడ గుర్తుంచుకోవాలి. అర్థం ఉంటే పాత జ్ఞాపకాలు సాయానికి వచ్చి లెక్క చెడిపోతుందని ఆయన భయం. కానీ పరీక్ష రాసేవాళ్లకి కావలసింది ఆ సాయమే. "ఆల్డిహైడ్ ప్లస్ ఇది, పైన అది, కింద ఇది, వచ్చేది ఫలానా" అని గైడులో ఉన్నది ఉన్నట్టు పలుకుతూ పోయే విద్యార్థి తెలియకుండానే ఆ 1885 నాటి ప్రయోగాన్ని తన మీద చేసుకుంటున్నాడు. ఫలితం కూడా అదే వస్తుంది.

మరి ఎన్నిసార్లు చదివితే నిలుస్తుంది? ఈ ప్రశ్నకి 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చక్కటి ప్రయోగం చేశారు. విద్యార్థులకి ఒక చిన్న పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని రెండుసార్లు చదివారు. మిగతావాళ్లు ఒకసారి చదివి, రెండోసారి చదివే బదులు పాఠం పక్కన పెట్టి గుర్తున్నది కాగితం మీద రాశారు. ఐదు నిమిషాలకి పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి: వాళ్లకి 81 శాతం, రాసినవాళ్లకి 75. వారం తరవాత పెడితే తారుమారు! చదివినవాళ్లకి 42 శాతం మిగిలింది, రాసినవాళ్లకి 56.

ఇందులో మనల్ని మోసగించేది ఆ ఐదు నిమిషాల ఫలితమే. రెండోసారి చదువుతుంటే అక్షరాలు పరిచయంగా కనిపిస్తాయి. ఆ పరిచయాన్నే మనం "వచ్చేసింది" అనుకుంటాం. పసుపు రంగు పెన్నుతో గీతలు గీసిన పేజీ ఇంకా పరిచయంగా కనిపిస్తుంది. పరీక్ష హాల్లో ఆ పేజీ ఎదురుగా ఉండదు. అక్కడ అవసరమయ్యేది లోపల్నించి బయటికి లాగే శక్తి, ఆ శక్తి లాగడం వల్లే పెరుగుతుంది. పుస్తకం మూసి తలచుకునే ప్రతిసారీ, గుర్తురాక గింజుకున్నా సరే, జ్ఞాపకానికి దారి పడుతుంది.

ఎలక్ట్రాన్ల సంధి సూత్రాలు

అయితే ఆర్గానిక్ మొత్తాన్ని పుస్తకం మూసి అప్పజెప్పుకుంటే సరిపోతుందా? చాలదు. వందల చర్యలున్నాయి. ఒక్కొక్కటీ విడిగా మోసుకుంటూ పోతే ఎవరికైనా నడుం వంగుతుంది.

హైస్కూల్లో మనం సంధులు ఎలా నేర్చుకున్నామో చూడండి. దేవేంద్రుడు, గజేంద్రుడు, రాజేంద్రుడు, మహేంద్రుడు, సురేంద్రుడు అని జాబితా రాసుకుని ఎవరూ బట్టీ పట్టలేదు. అకారం పక్కన ఇకారం వస్తే రెండూ కలిసి ఏకారం అవుతాయని ఒక్క గుణసంధి తెలిస్తే చాలు. అంతకు ముందు ఎన్నడూ వినని మాటనైనా విడదీయగలిగాం, కలపగలిగాం. మాస్టారు పరీక్షలో కొత్త పదం ఇచ్చినా బెదరలేదు. సంధి జరగని చోట్లు, వికల్పంగా జరిగే చోట్లు కొన్ని ఉంటే వాటిని మాత్రం విడిగా గుర్తుపెట్టుకున్నాం. సూత్రం తెలిసినవాడికి ఆ మినహాయింపులు కూడా తేలిగ్గా గుర్తుంటాయి, ఎందుకంటే అవి దేనికి మినహాయింపులో వాడికి తెలుసు. ఆర్గానిక్ చదవడం అచ్చంగా ఇలాంటిదే. అక్కడ అచ్చుల బదులు ఎలక్ట్రాన్లు కదులుతాయి.

ఒక అణువులో ఎలక్ట్రాన్లు అన్నిచోట్లా సమంగా పరుచుకుని ఉండవు. ఆక్సిజన్, నైట్రోజన్ వంటివి ఎలక్ట్రాన్లను తమవైపు లాక్కుంటాయి. అవి ఉన్నచోట కలిమి, వాటి పక్కన ఉన్న కార్బన్ దగ్గర లేమి. కలిమి ఉన్న చోటి నుంచి లేమి ఉన్న చోటికి ఎలక్ట్రాన్ల జంట కదులుతుంది. మనం చదివే చర్యల్లో అత్యధిక భాగం ఈ ఒక్క కదలికే. పుస్తకాల్లో కలిమి గలదాన్ని న్యూక్లియోఫైల్ అనీ, లేమి గలదాన్ని ఎలక్ట్రోఫైల్ అనీ రాస్తారు.

ఈ కదలికని చూపించడానికే ఒంపు బాణం గీస్తారు. 1922లో రాబర్ట్ రాబిన్సన్ ఈ బాణాలను వాడటం మొదలుపెట్టాడు. వందేళ్లు దాటినా వాటికి సాటివచ్చే ఉపాయం ఇంకొకటి రాలేదు. బాణం తోక ఎప్పుడూ ఎలక్ట్రాన్ల దగ్గర ఉండాలి: ఒంటరి జంట మీదనో, బంధం మీదనో. మొన లేమి ఉన్న చోటుకి చేరాలి. విద్యార్థుల జవాబు పత్రాల్లో తరచూ కనిపించే పొరపాటు ఇక్కడే. ప్లస్ గుర్తున్న హైడ్రోజన్ కదిలివచ్చి అతుక్కుంటుందన్న ఊహతో దాని దగ్గర బాణం మొదలుపెడతారు. దాని దగ్గర ఇవ్వడానికి ఎలక్ట్రాన్లే లేవు, ఇక అక్కణ్నుంచి బాణం ఎలా బయలుదేరుతుంది? "బాణం ఎక్కడ మొదలవుతుంది?" అని ప్రతి చర్య దగ్గరా అడిగే అలవాటు చేసుకుంటే సగం తప్పులు వాటంతటవే రాలిపోతాయి.

ఇప్పుడు ఆల్డిహైడ్లు, కీటోన్ల అధ్యాయం తెరవండి. కార్బన్, ఆక్సిజన్ మధ్య రెండు బంధాలున్న కార్బొనిల్ గ్రూపు వాటి గుండెకాయ. ఆక్సిజన్ లాగేస్తుంది గనక అక్కడి కార్బన్‌ది లేమి. సయనైడ్ వచ్చి చేరితే సయనోహైడ్రిన్. గ్రిన్యార్ కారకం వచ్చి చేరితే ఆల్కహాల్. అమ్మోనియా జాతివి చేరి నీరు పోతే ఇమీన్. ఇంకో కీటోన్ అణువే పక్క హైడ్రోజన్ కోల్పోయి వచ్చి చేరితే ఆల్డాల్. చివరికి కానిజారో చర్యలో కూడా మొదటి అడుగు హైడ్రాక్సైడ్ వచ్చి ఆ కార్బన్‌కే చేరడం. గైడులో ఇవి ఐదు పేర్లు, ఐదు పెట్టెలు. కాగితం మీద గీస్తే అన్నిటా మొదటి బాణం ఒకటే: కలిమి ఉన్నది కార్బొనిల్ కార్బన్‌ని చేరుతుంది, రెండో బంధంలోని జంట ఆక్సిజన్ మీదికి జరుగుతుంది.

చదరంగం ఆటగాళ్ల మీద 1973లో ఛేజ్, సైమన్ చేసిన పరిశోధన దీనికి మంచి సాక్ష్యం. నడుస్తున్న ఆట బోర్డుని ఐదు సెకన్లు చూపించి తీసేస్తే ఆరితేరిన ఆటగాడు చాలా పావుల్ని సరిగ్గా పేర్చగలిగాడు. కొత్తవాడికి నాలుగైదు దాటలేదు. పావుల్ని అడ్డదిడ్డంగా చల్లి చూపిస్తే మాత్రం ఇద్దరికీ పెద్ద తేడా లేదు. ఆరితేరినవాడి జ్ఞాపకశక్తి ఏమీ పెద్దది కాదన్నమాట. అతను పావుల్ని కాకుండా పావుల కూర్పుల్ని చూస్తున్నాడు. ఆర్గానిక్ బాగా వచ్చినవాళ్లకి సయనోహైడ్రిన్ చర్య ఇరవై గుర్తుల వరసలా కనిపించదు, ఒక కూర్పులా కనిపిస్తుంది.

బట్టీ అసలు వద్దని నేను అనను. అక్షరాలు రాకుండా సంధులు రావు. గ్రూపుల పేర్లు, ఏ కారకం ఏం చేస్తుంది, ఇరవై అమైనో ఆమ్లాలు వంటివి నోటికి రావలసిందే. "కాన్సెప్టు అర్థమైతే చాలు, ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు" అని పిల్లలకి చెప్పేవాళ్లు వాళ్లకి మేలు చేయడం లేదు.

సిట్రేట్ ఎందుకు మారాలి?

ఇక బయోకెమిస్ట్రీ. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో పనిచేస్తుండగా 1937లో హాన్స్ క్రెబ్స్ సిట్రిక్ ఆమ్ల చక్రాన్ని కనుక్కున్నాడు. నేచర్ పత్రిక ఆయన లేఖని వెనక్కి పంపితే ఎంజైమోలోజియా అనే పత్రికలో వేయించుకున్నాడు. 1953లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటినుంచీ విద్యార్థులు సిట్రేట్, ఐసోసిట్రేట్, ఆల్ఫా కీటోగ్లుటరేట్ అంటూ ఎనిమిది పేర్లను వరసగా వల్లిస్తూనే ఉన్నారు. పేర్లకి మొదటి అక్షరాలు కూర్చి వాక్యాలు కట్టుకోవడం కూడా ఉంది. ఆ వాక్యం పేర్లని గుర్తుచేస్తుంది గానీ, ఏ అడుగులో కార్బన్ డయాక్సైడ్ పోతుందో, ఎలక్ట్రాన్లు మోసుకుపోయే ఎన్‌ఏడీ ఏ అడుగుకి కావాలో, ఏ విటమిన్ లేకపోతే ఎక్కడ ఆగుతుందో చెప్పదు. పరీక్షలో అడిగేవి అవే.

ఒక తెల్ల కాగితం తీసుకుని సిట్రేట్‌ని గీద్దాం. మధ్యలో ఒక కార్బన్. దానికి ఒక ఓహెచ్, ఒక కార్బాక్సిల్, రెండు పక్కలా చెరొక సీహెచ్2, ఆ చివర్లలో చెరొక కార్బాక్సిల్. మధ్య కార్బన్‌కి ఉన్న నాలుగు చేతులూ నిండిపోయాయి. ఇప్పుడు శరీరానికి కావలసింది ఈ అణువు నుంచి ఎలక్ట్రాన్లు పిండుకోవడం, అంటే ఆ ఓహెచ్‌ని కీటోన్‌గా మార్చడం. దానికి ఆక్సిజన్ మీది హైడ్రోజన్‌తో పాటు కార్బన్ మీది హైడ్రోజన్ కూడా పోవాలి. మధ్య కార్బన్ మీద హైడ్రోజన్ ఉందా? లేదు. పని ఆగిపోయింది.

అందుకే రెండో అడుగు. అకోనిటేజ్ అనే ఎంజైమ్ నీటిని తీసేసి, మళ్లీ నీటిని ఓహెచ్ పక్క కార్బన్‌కి చేరేలా కలుపుతుంది. ఇప్పుడు ఓహెచ్ ఉన్న కార్బన్‌కి హైడ్రోజన్ కూడా ఉంది. ఇదే ఐసోసిట్రేట్. ఎన్‌ఏడీ వచ్చి రెండు ఎలక్ట్రాన్లూ పట్టుకుపోతుంది, కీటోన్ తయారవుతుంది. ఆ కీటోన్‌కి ఒక కార్బన్ అవతల, మధ్య కార్బన్ మీద, కార్బాక్సిల్ ఉంది. అలాంటి అమరికలో కార్బాక్సిల్ సులువుగా కార్బన్ డయాక్సైడ్‌గా ఊడిపోతుంది. ఎందుకంటే అది పోతూ వదిలే ఎలక్ట్రాన్ల జంట కీటోన్ ఆక్సిజన్ మీదికి వెళ్లి కూర్చోగలదు. ఆరు కార్బన్లు ఐదయ్యాయి. ఈ బాణాలను ఒకసారి తమ చేత్తో గీసినవాళ్లు "సిట్రేట్ తరవాత ఐసోసిట్రేట్" అన్నది ఇక మరిచిపోవడం కష్టం.

గ్లూకోజ్ విచ్ఛిత్తిలో కూడా ఇలాంటి అడుగే ఒకటుంది. గ్లూకోజ్ ఫాస్ఫేట్‌ని ఫ్రక్టోజ్ ఫాస్ఫేట్‌గా ఎందుకు మార్చాలి? కార్బొనిల్ ఒకటో కార్బన్ మీద ఉండగా ఆల్డాల్ చర్యని వెనక్కి నడిపి ముక్క చేస్తే రెండు కార్బన్ల ముక్క, నాలుగు కార్బన్ల ముక్క వస్తాయి. కార్బొనిల్‌ని రెండో కార్బన్‌కి జరిపితే మూడు, మూడు. సమానమైన ముక్కలైతే రెండింటికీ ఒకటే దారి సరిపోతుంది.

చక్రంలో సక్సినేట్ నుంచి ఆక్సలోఅసిటేట్ దాకా మూడు అడుగులు. హైడ్రోజన్లు తీసి జంట బంధం చేయడం, దానికి నీరు కలపడం, వచ్చిన ఓహెచ్‌ని కీటోన్ చేయడం. మొదటిదానికి ఎఫ్‌ఏడీ, మూడోదానికి ఎన్‌ఏడీ. కొవ్వు ఆమ్లాల బీటా ఆక్సీకరణం అధ్యాయం తీసి చూడండి, అవే మూడు అడుగులు, అదే వరస, అవే సహాయకులు. ఒక అధ్యాయం చదివి రెండో అధ్యాయంలో మూడు వంతులు ఉచితంగా పొందడమంటే ఇదే.

ఇక ఐదు కార్బన్ల ఆల్ఫా కీటోగ్లుటరేట్ నుంచి ఇంకో కార్బన్ డయాక్సైడ్ పోవాలి. ఇక్కడ చిక్కుంది. కీటోన్, కార్బాక్సిల్ ఈసారి పక్కపక్కనే ఉన్నాయి. కార్బన్ డయాక్సైడ్ పోతే మిగిలే ఎలక్ట్రాన్లు కార్బొనిల్ కార్బన్ మీదే పడాలి. అక్కడ వాటికి చోటు లేదు. ఆ చోటు కల్పించేది థయమిన్, అంటే బీ1 విటమిన్. దాని వలయంలో గంధకానికీ నైట్రోజన్‌కీ మధ్యనున్న కార్బన్ వచ్చి కార్బొనిల్ కార్బన్‌కి అతుక్కుంటుంది. పక్కనే ప్లస్ ఆవేశంతో ఉన్న నైట్రోజన్ ఆ ఎలక్ట్రాన్లకి తాత్కాలికంగా ఆశ్రయమిస్తుంది. ఈ సంగతిని 1958లో రొనాల్డ్ బ్రెస్లో తేల్చాడు. గ్లూకోజ్ విచ్ఛిత్తి చివర మిగిలే పైరువేట్‌ది కూడా ఇదే చిక్కు, దానికీ థయమినే దిక్కు.

ఈ బాణం మన నేల మీద ఎంత బాధ పెట్టిందో తెలుసుకోవాలి. విశాఖ, గోదావరి, కృష్ణా ప్రాంతాలున్న ఉత్తర సర్కారు జిల్లాలు బ్రిటిష్ కాలంలో బెరిబెరి వ్యాధికి పేరుపడ్డాయి. మర పట్టిన తెల్ల పచ్చిబియ్యం అక్కడి తిండి. థయమిన్ ఎక్కువగా ఉండేది తవుడులో, అది మరలోనే పోయింది. ఇంకా దక్షిణాన ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఈ వ్యాధి అంతగా లేదు, ఎందుకంటే వడ్లని ఉడికించినప్పుడు థయమిన్ కొంత గింజ లోపలికి దిగుతుంది. థయమిన్ లేకపోతే పైరువేట్ ముందుకి పోదు, చక్రం మధ్యలో ఆగుతుంది, శక్తి ఎక్కువగా ఖర్చుపెట్టే గుండె, నరాలు ముందు దెబ్బతింటాయి. మద్యానికి అలవాటుపడి చిక్కిపోయిన రోగికి గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్ ఎందుకు ఇస్తారన్న వైవా ప్రశ్నకి జవాబు కూడా ఈ బాణంలోనే ఉంది.

పుస్తకం మూసిన తరవాత

చదివే పద్ధతి గురించి నాలుగు మాటలు. ఒక చర్య చదివాక పుస్తకం మూసి తెల్ల కాగితం మీద మొదటి నుంచి గీయాలి, బాణాలతో సహా. ఎక్కడ చెయ్యి ఆగిందో అక్కడ గుర్తు పెట్టుకుని, అప్పుడు మాత్రమే పుస్తకం తెరవాలి. కళ్లతో చూసి "తెలుసులే" అనుకున్న చర్య చేతికి రావడం లేదని ఈ కాగితం నిమిషంలో చెప్పేస్తుంది. మర్నాడు ఒకసారి, మూడు నాలుగు రోజులకి ఒకసారి, వారం పది రోజులకి ఇంకోసారి అదే చర్యని ఖాళీ కాగితం మీద గీయాలి. పరీక్ష ముందు ఒకేరోజు పదిసార్లు గీయడం కంటే ఎడం ఇచ్చి నాలుగుసార్లు గీయడం చాలా మేలు.

రెండోది, కలగలిపి చేయడం. ఒక సాయంత్రమంతా ఆల్డాల్ లెక్కలే చేస్తే పదో లెక్కకి ప్రశ్న చూడకుండానే జవాబు వస్తుంది, ఇది ఆల్డాల్ అని ముందే తెలుసు గనక. పరీక్షలో ఆ సంగతి ఎవరూ చెప్పరు. 2007లో రోరర్, టేలర్ గణితం లెక్కలతో దీన్ని పరీక్షించారు. ఒకే రకం లెక్కలు వరసగా చేసినవాళ్లు సాధన జరుగుతున్నప్పుడు ముందున్నారు. వారం తరవాత పరీక్షలో వాళ్లకి 20 శాతం వస్తే, కలగలిపి చేసినవాళ్లకి 63 శాతం వచ్చింది. పాత ప్రశ్నపత్రాలు అధ్యాయాల వారీగా విడగొట్టి అమ్మే పుస్తకాలకంటే, విడగొట్టని పాత పత్రమే మంచిదని నా నమ్మకం.

నిద్ర మానుకోవద్దు. నేర్చుకున్న తరవాత నిద్రపోతే మరుపు తగ్గుతుందని 1924లోనే కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెన్‌కిన్స్, డాలెన్‌బాక్ చూపించారు. హాస్టళ్లలో తెల్లవారుజామున పిల్లల్ని లేపి కూర్చోబెట్టేవాళ్లు ఈ ఒక్క విషయం ఆలోచించాలి.

నీలం రంగు ఎందుకు ఆలస్యమైంది?

ఎందుకని అడిగే అలవాటు ప్రాక్టికల్స్‌లో కూడా పనికొస్తుంది. బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫరస్‌ని లెక్కకట్టే పద్ధతి ఒకటుంది, ఫిస్కే సుబ్బారావు పద్ధతి. రక్తంలోంచి ప్రొటీన్లు తీసేసి, మిగిలిన ద్రవానికి ఆమ్లంలో మాలిబ్డేట్ కలుపుతారు. ఫాస్ఫేట్ దానితో జట్టుకడుతుంది. ఆ జట్టుకి ఎలక్ట్రాన్లిచ్చే పదార్థాన్ని చేరిస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. చాలామంది విద్యార్థులు దీన్ని అడుగులుగా రాసి, వైవాలో అడుగులుగానే చెప్తారు.

ఆ పేరులోని సుబ్బారావు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కిన ఆయన తరవాత బోస్టన్ చేరి, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేశాడు. ఇద్దరూ కలిసి 1925లో ఈ పద్ధతిని ప్రచురించారు. తరవాత కండరాల రసంతో అదే పరీక్ష చేస్తే ఒక వింత కనిపించింది. రంగు రావలసిన వేగంతో రావడం లేదు. నెమ్మదిగా, విడతలుగా చిక్కబడుతోంది.

ఎందుకు? మాలిబ్డేట్ పట్టుకునేది విడిగా ఉన్న ఫాస్ఫేట్‌నే. రంగు ఆలస్యంగా పెరుగుతోందంటే, ఇంకేదో అణువుకి బలహీనంగా అతుక్కుని ఉన్న ఫాస్ఫేట్ ఆ ఆమ్లంలో కొంచెం కొంచెంగా ఊడివస్తోందన్నమాట. ఆ అణువుని వేరుచేసి చూస్తే ఫాస్ఫోక్రియాటిన్ అని తేలింది. 1927లో ఆ సంగతి ప్రకటించారు. అదే ఏడాది ఇంగ్లండులో ఎగ్లెటన్ దంపతులు కూడా ఆ పదార్థాన్ని గుర్తించారు. అంతకు ముందు కండరంలోని ఆ ఫాస్ఫేట్‌ని అందరూ మొదటి నుంచీ విడిగా ఉన్నదానితో కలిపేసి లెక్కగట్టేవారు. రెండేళ్లకి, 1929లో, ఫిస్కే, సుబ్బారావు కండరంలోంచే, శక్తిని మోసే ఏటీపీని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే సంవత్సరం దాన్ని కనుక్కున్నాడు. వైవాలో ఎవరైనా "కండరాల రసం తీసుకుంటే రంగు వెంటనే ఎందుకు స్థిరపడదు?" అని అడిగితే, ఫాస్ఫోక్రియాటిన్‌లో నైట్రోజన్‌కీ ఫాస్ఫరస్‌కీ మధ్యనున్న బంధం గీసి, ఆమ్లంలో నీరు వచ్చి దాన్ని ఎక్కడ తెంపుతుందో బాణం పెట్టి చూపిస్తే జవాబు పూర్తవుతుంది.